భారీ రబ్బరు కాస్టర్ చక్రాలు: గణపవరం, కొల్లేటి ప్రాంత పరిశ్రమల్లో వాటి ఎంపిక

కాస్టర్ అంటే బండికో, యంత్రానికో, బల్లకో అడుగున బోల్టులతో బిగించే చక్రం. చక్రం, దాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కు, ఇరుసు, పైన బిగించే ప్లేటు అన్నీ కలిపి ఒకే సామానుగా దొరుకుతాయి. ఒక్కొక్కటి వందల కిలోల బరువు మోసేలా దళసరి ఉక్కు ఫోర్కుతో, మందపాటి రబ్బరు టైరుతో చేసినవి భారీ రకం. పనిచోట వీటిని ట్రాలీ చక్రాలనో, రబ్బరు చక్రాలనో అంటారు.

గణపవరం చుట్టుపక్కల రైసుమిల్లులు, చేపల ప్యాకింగ్ షెడ్లు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, తవుడు నూనె మిల్లులు, వెల్డింగు వర్క్‌షాపులు ఉన్నాయి. వీటన్నిటిలోనూ రోజంతా సరుకు కదులుతూనే ఉంటుంది. అయితే ఒక చోట నేల పొడిగా ఉండి దుమ్ము ఎక్కువ, ఇంకోచోట ఎప్పుడూ తడి, మరోచోట నూనె. అందుకే ఒక షెడ్డులో ఏళ్ళ తరబడి నిలిచిన చక్రం పక్క షెడ్డులో కొద్ది నెలలకే పాడవుతుంది. చక్రం ఎంత బరువు మోస్తుందన్నది ఎంపికలో మొదటి ప్రశ్న మాత్రమే. అది ఏ నేల మీద తిరుగుతుంది, దేనిలో తడుస్తుంది, ఎవరి చేతుల బలంతో కదులుతుంది అన్నవి కూడా అంతే ముఖ్యం.

ప్రాంతం, పనులు

గణపవరం తాడేపల్లిగూడేనికీ కొల్లేటికీ నడుమ, గోదావరి పశ్చిమ డెల్టాలో ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఈ నేల వరి మాగాణి అయింది. పంట వెనుకే మిల్లులు వచ్చాయి. చెన్నై–హౌరా రైలు మార్గం మీద ఉన్న తాడేపల్లిగూడెం, ఏలూరు బియ్యం వ్యాపార కేంద్రాలుగా పెరిగాయి. 1970ల నుంచి కొల్లేటి చుట్టూ చేపల చెరువులు విస్తరించాయి. బొచ్చె, శీలావతి, ఫంగస్ చేపలు ఐసుతో కలిసి ట్రేలలోకీ, పెట్టెల్లోకీ ఎక్కి లారీల్లో ఈశాన్య రాష్ట్రాల దాకా వెళ్తాయి. ఉప్పుటేరు వెంబడి, భీమవరం వైపు రొయ్యల సాగు ఉంది.

డెల్టా నేల నల్లరేగడి. తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన షెడ్డు గచ్చు, కింద పునాది గట్టిగా లేకపోతే, కొన్ని వేసవులు గడిచేసరికి పగులుతుంది. పలక పలకకూ నడుమ వేలెడు ఎత్తుపల్లాలు ఏర్పడతాయి. చక్రాల ఎంపికలో ఈ సంగతిని మొదటే లెక్కలోకి తీసుకోవాలి.

నిర్మాణం

భారీ కాస్టర్‌లో ముఖ్యభాగాలు నాలుగు.

మొదటిది టైరు, అంటే నేలను తాకే రబ్బరు పొర. దీన్ని లోపలి చక్రానికి రెండు విధాలుగా పట్టిస్తారు. ఒకటి, వేడిలో లోహంతో కలిసిపోయేలా అతికించడం. రెండోది, విడిగా చేసిన రబ్బరు టైరును చక్రం మీదికి ఒత్తిడితో ఎక్కించడం. బరువు ఎక్కువగా ఉన్నప్పుడు మొదటి పద్ధతే మేలు. రెండో రకంలో మలుపు దగ్గర బండిని బలవంతంగా తిప్పితే టైరు పక్కకు జారి ఊడివస్తుంది.

రెండోది లోపలి చక్రం. పోత ఇనుముది బలంగా ఉంటుంది, కానీ తుప్పు పడుతుంది. అల్యూమినియంది తేలిక. నైలాన్‌ది తడిచోట్లకు అనువు.

మూడోది ఇరుసు దగ్గరి బేరింగు. సాదా బుష్ నెమ్మదిగా, అప్పుడప్పుడు కదిలే బండికి సరిపోతుంది. రోలర్ బేరింగు బరువును బాగా ఓరుస్తుంది. బాల్ బేరింగు అన్నిటికన్నా తేలిగ్గా తిరుగుతుంది, కానీ సీలు లేకపోతే నీరు, ఊక దుమ్ము దూరి పాడవుతుంది.

నాలుగోది ఫోర్కు. కదలకుండా ఒకే దిక్కున నిలిచేది ఫిక్స్‌డ్ రకం. పైన గుండ్ల వరుసల మీద చుట్టూ తిరిగేది స్వివెల్ రకం. స్వివెల్ చక్రం ఇరుసు ఫోర్కు నడిమధ్యన ఉండదు, కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. బండిని తోసినప్పుడు చక్రం తనంతట తానే వెనక్కి తిరిగి దారిలో పడటానికి కారణం ఈ జరుగుడే. ఫోర్కును ప్లేటుకు పట్టి ఉంచే నడిమి బోల్టు చవకరకం కాస్టర్లలో తొందరగా వదులవుతుంది. దెబ్బలు తగిలే పనికి ఆ బోల్టు అవసరం లేకుండా గుండ్ల వరుసలే బరువు మోసేలా చేసిన రకం ఎక్కువ కాలం నిలుస్తుంది.

రబ్బరు చరిత్ర, రకాలు

పచ్చి రబ్బరు వేడికి జిగటగా, చలికి పెళుసుగా మారుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే ఆ దోషం పోతుందని కనుగొన్నాడు. 1844లో దానికి పేటెంటు పొందాడు. నేటి చక్రాల రబ్బరంతా ఆ వల్కనైజింగ్ పద్ధతి నుంచి వచ్చిందే. భారతదేశంలో రబ్బరును వాణిజ్య పంటగా 1902లో కేరళలోని తట్టేక్కాడ్ వద్ద మొదలుపెట్టారు. 1947 చట్టంతో ఏర్పడిన రబ్బరు బోర్డు కొట్టాయంలో ఉంది. గోదావరి మన్యంలో మారేడుమిల్లి వైపు కూడా రబ్బరు తోటలున్నాయి.

కొల్లేటి ప్రాంతపు మిల్లు మనుషులకు రబ్బరు గుణం చక్రాలకన్నా ముందే తెలుసు. వడ్ల పొట్టు తీసే షెల్లర్‌లో రెండు రబ్బరు రోళ్ళు ఎదురెదురుగా, వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. ఆ వేగాల తేడా గింజను ఒరుసుకుని ఊకను విడదీస్తుంది. రబ్బరు మరీ మెత్తనైతే రోలు తొందరగా అరుగుతుంది, మరీ గట్టిదైతే బియ్యం విరిగి నూక పెరుగుతుంది. చక్రంలోనూ ఇలాంటి బేరమే ఉంది. మెత్తని టైరు గచ్చును కాపాడుతుంది, చప్పుడు చేయదు, కానీ తోయడానికి బలం ఎక్కువ కావాలి. గట్టి టైరు తేలిగ్గా దొర్లుతుంది, కానీ ప్రతి పగులునూ బండికీ సరుక్కూ తెలియజేస్తుంది.

గట్టితనాన్ని షోర్ ఎ అనే కొలతలో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ రబ్బరు గట్టిది. సాగే గుణం ఎక్కువగా ఉన్న మంచి రకాలు సుమారు 65 దగ్గర, మామూలు గట్టి రబ్బరు సుమారు 80 దగ్గర ఉంటాయి.

వాడే పదార్థాలు ఇవి:

సహజ రబ్బరు సాగుతుంది, చిరగదు, దెబ్బను మింగుతుంది. డీజిలు, గ్రీజు, చేప కొవ్వు, తవుడు నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఎండకూ, ఓజోన్‌కూ పగుళ్ళిస్తుంది.

నైట్రైల్ రబ్బరు నూనెలనూ కొవ్వులనూ తట్టుకుంటుంది. దీన్నీ ఎండలో వదలకూడదు.

నియోప్రీన్ ఎండను, వానను బాగా, నూనెను ఒక మోస్తరుగా ఓర్చుకుంటుంది. కొంతసేపు షెడ్డులో, కొంతసేపు బయట తిరిగే బండికి ఇది నడిమధ్య ఎంపిక.

ఇపిడిఎం రబ్బరు వేడినీరు, ఆవిరి, బ్లీచింగు నీళ్ళను ఓర్చుకుంటుంది. నూనెకు మాత్రం పనికిరాదు.

సిలికాన్ రబ్బరు బేకరీ ఓవెన్ల వంటి 200 డిగ్రీల సెల్సియస్ చోట్ల కూడా నిలుస్తుంది. అయితే బరువు మోసే శక్తి తక్కువ, తేలిగ్గా చిరుగుతుంది.

రబ్బరు పక్కనే దుకాణదారు చూపించేది పాలీయురేథేన్. అరుగుదలకూ నూనెకూ ఇది రబ్బరును మించుతుంది, బరువూ ఎక్కువ మోస్తుంది. కానీ పగుళ్ళ మీద రబ్బరులా దెబ్బను మింగదు. కొన్ని రకాలు వేడి, తడి కలిసిన చోట కాలక్రమేణా పెళుసై పెచ్చులూడతాయి.

నల్లటి రబ్బరుకు ఆ రంగు కార్బన్ బ్లాక్ వల్ల వస్తుంది. అది బలాన్నిస్తుంది, గచ్చు మీద నల్లగీతలూ వదులుతుంది. ఆహారం ప్యాక్ చేసే గదుల్లో గీతలు పడని బూడిదరంగు రబ్బరు వాడటం మంచిది.

బరువు లెక్క

బండికి నాలుగు చక్రాలుంటే మొత్తం బరువును నాలుగుతో భాగించడం తరచుగా జరిగే పొరపాటు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగుకాళ్ళ మంచం మూడుకాళ్ళ మీదే నిలుస్తుంది, నాలుగో కాలికి చెక్కముక్క పెట్టాల్సి వస్తుంది. బండీ అంతే. పగులు దాటే క్షణంలో మూడు చక్రాలే బరువంతా మోస్తాయి. కాబట్టి ఖాళీ బండి బరువు, గరిష్ఠ సరుకు బరువు కలిపి మూడుతో భాగించాలి. గచ్చు బాగా లేకపోతే వచ్చినదానికి మూడో వంతు కలపాలి.

రైసుమిల్లు బండి ఉదాహరణ చూద్దాం. 50 కిలోల బియ్యం బస్తాలు పది, బండి బరువు 80 కిలోలు. మొత్తం 580. మూడుతో భాగిస్తే సుమారు 193. మూడో వంతు కలిపితే 258. అంటే ఒక్కో చక్రం 300 కిలోల రకం కావాలి. అదే బండి మీద గోదావరి జిల్లాల వాడుక ప్రకారం 75 కిలోల ధాన్యం బస్తాలు పది వేస్తే మొత్తం 830. మూడో వంతు భాగం 277, అదనం కలిపితే 369. ఇప్పుడు 400 కిలోల చక్రం కావాలి. బస్తాల సంఖ్య మారలేదు, చక్రం మారింది. “పది బస్తాల బండి” అని చెప్పి చక్రాలు కొనడం ఎందుకు చాలదో ఈ లెక్క చెబుతుంది.

చేపల షెడ్డులో మరచిపోయేది ఐసు బరువు. ఈ వేడి ప్రాంతంలో దూరప్రయాణానికి చేప ఎంత ఉంటే ఐసూ దాదాపు అంతే వేయాలి. 200 కిలోల చేపకు తయారుచేసిన బండి నిజానికి 400 కిలోలు, దాని మీద ట్రేలు, నీళ్ళు మోస్తుంది.

ఒకేచోట నిలిచే యంత్రాలకు లెక్క ఇంకో రకం. వెల్డింగు సెట్టు, కంప్రెసర్, జనరేటరు వంటివి ఏడాదిలో నాలుగుసార్లు కదులుతాయి, మిగతా రోజులన్నీ ఒక్కచోటే నిలుస్తాయి. అంతకాలం ఒకే బిందువు మీద నలిగిన రబ్బరు అక్కడ చదునై తిరిగి గుండ్రంగా మారదు. తర్వాత బండి కదిలినప్పుడు ప్రతి చుట్టుకూ ఒకసారి “టప్” మంటుంది. కోతల కాలం ముగిశాక మిల్లులో సరుకుతోనే ఆపేసిన బండిని మళ్ళీ తీసినప్పుడు వినిపించే చప్పుడు ఇదే. నిలిచే యంత్రానికి కింద జాకీ కాళ్ళు పెట్టి బరువును చక్రాల మీద నుంచి తీసేయాలి. అది కుదరకపోతే గట్టి టైరు తీసుకోవాలి.

వ్యాసం, తోసే బలం

దుకాణాల్లో భారీ రకం చక్రాలు 100, 125, 150, 200 మిల్లీమీటర్ల వ్యాసాల్లో దొరుకుతాయి. పాత అలవాటు ప్రకారం నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది అంగుళాలని అడుగుతారు. బరువు మోయడం ఒక్కటే చూస్తే చిన్నదీ చాలవచ్చు. కానీ దొర్లడానికి ఎదురయ్యే నిరోధం, మిగతావన్నీ సమానమైతే, వ్యాసం పెరిగేకొద్దీ తగ్గుతుంది. వ్యాసం రెట్టింపైతే నిరోధం సుమారు సగమవుతుంది.

గడప దాటేటప్పుడు ఈ తేడా చేతులకు తెలుస్తుంది. 10 మిల్లీమీటర్ల ఎత్తున్న పట్టీని ఎక్కాలంటే 100 మిల్లీమీటర్ల చక్రానికి దాని మీదున్న బరువులో ముప్పాతిక వంతు బలం అడ్డంగా కావాలి. 200 మిల్లీమీటర్ల చక్రానికి సగంలోపే సరిపోతుంది. పగిలిన గచ్చు, జాలీ మూతల కాలువలు, షట్టరు పట్టాలు ఉన్న షెడ్డుకు పెద్ద చక్రమే అసలైన పొదుపు.

చదునైన గచ్చు మీద 580 కిలోల బండి రబ్బరు చక్రాలతో సాగిపోవడానికి సుమారు 12 నుంచి 17 కిలోల బలం చాలు. ఆగినదాన్ని కదిలించడానికి ఇంకా ఎక్కువ కావాలి. లారీ ప్లాట్‌ఫారం దగ్గర 20 అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపు ఉంటే ఆ వాలు ఒక్కటే మరో 29 కిలోల బలాన్ని అదనంగా అడుగుతుంది. ఎంత మంచి చక్రం కొన్నా వాలు భారం తగ్గదు. అలాంటి చోట ర్యాంపును పొడిగించి వాలు తగ్గించాలి, లేదా మనిషిని జతచేయాలి.

పనిచోటును బట్టి ఎంపిక

రైసుమిల్లు. నేల పొడి, దుమ్ము ఎక్కువ, దూరాలు ఎక్కువ. సహజ రబ్బరు టైరు, పోత ఇనుము చక్రం, సీలు ఉన్న బేరింగు బాగా పనిచేస్తాయి. వెడల్పైన టైరు మంచిది. సన్నని టైరు గచ్చు పగుళ్ళలో దిగబడుతుంది. నేలమీద రాలిన నూక టైరు కింద పడితే గుచ్చుకుని రబ్బరును కొరుకుతుంది. కాబట్టి బండ్ల దారిని ఊడ్చి ఉంచడం కూడా చక్రానికి చేసే సేవే.

చేపల ప్యాకింగ్ షెడ్డు. ఇక్కడ చక్రానికి శత్రువులు మూడు: నీరు, కొవ్వు, బ్లీచింగు. చేపల్ని దించి, కడిగి, తూచి, ఐసు వేసి ట్రేలు నింపే పని తెల్లవారకముందే సాగుతుంది. ఆ షెడ్డులో ఒక పాత బండిని పక్కకు వంచి చూస్తే ఇరుసు చుట్టూ నైలాన్ వల పోగులు, ప్లాస్టిక్ తాడు, ఎండిన పొలుసులు పేట పేటగా చుట్టుకుని గట్టి ఉండలా కనిపిస్తాయి. దాని వెనుక బేరింగు తుప్పుపట్టి, తిరగడం మానేసిన చక్రం గచ్చు మీద ఈడ్చుకుంటూ ఒక పక్క అరిగి ఉంటుంది. బండి బరువెక్కిందనుకుని ఇద్దరు తోస్తుంటారు, నిజానికి ఒక చక్రం తిరగడం లేదు. ఇలాంటి చోటికి నైట్రైల్ లేదా తడిని ఓర్చే పాలీయురేథేన్ టైరు, నైలాన్ లోపలి చక్రం, స్టెయిన్‌లెస్ స్టీలు ఫోర్కు, ఇరుసు పక్కన పోగులు దూరకుండా మూతలు కావాలి.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. ఉప్పునీటి రొయ్య వెంట ఉప్పు వస్తుంది. మామూలు జింకు పూత తొందరగా తెల్లబడి కింద ఇనుము తుప్పు పడుతుంది. ఉప్పును ఎక్కువ ఓర్చే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదైనా నిలుస్తుంది. శీతల గదుల్లో సున్నా కిందికి 20 డిగ్రీల దాకా వెళ్ళే బండికి చలిలోనూ సాగే రబ్బరు, చలికి గడ్డకట్టని గ్రీజు అడగాలి.

ఐసు ఫ్యాక్టరీ. బ్లాకులు దొర్లినప్పుడు బండికి దెబ్బ తగులుతుంది, నేల జారుతుంది. మెత్తని వెడల్పు టైరు పట్టునిస్తుంది. బ్రేకు తప్పనిసరి.

తవుడు నూనె మిల్లు. తవుడు నుంచి నూనె తీయడానికి హెక్సేన్ అనే ద్రావకం వాడతారు. దాని ఆవిరి ఒక నిప్పురవ్వకు అంటుకుంటుంది. మామూలు రబ్బరు, ప్లాస్టిక్ చక్రాలు బండిలో పుట్టే స్థిరవిద్యుత్తును నేలలోకి పోనివ్వవు. ఆ విభాగాల్లో విద్యుత్తును నేలకు వదిలే ప్రత్యేక చక్రాలే వాడాలి. ఈ ఒక్క చోట ధర గురించి ఆలోచించడానికి లేదు.

జనపనార పని. ఏలూరు జనపనార మిల్లులకు పేరున్న పట్టణం. నారను మెత్తబరచడానికి నూనె, నీరు కలిపిన ద్రవం చల్లుతారు. కాబట్టి అక్కడి బండ్ల టైర్లు నూనెను ఓర్చాలి. ఎగిరే నారపోగులు ఇరుసుకు చుట్టుకోకుండా మూతలూ ఉండాలి.

వర్క్‌షాపు. వెల్డింగు రవ్వలు రబ్బరు మీద పడి చిన్న గుంటలు చేస్తాయి. లేత్ దగ్గరి ఇనుప రజను టైరులో గుచ్చుకుని అక్కడే ఉండిపోతుంది. ఇలాంటి చోట గట్టి రబ్బరు గానీ పాలీయురేథేన్ గానీ మంచిది.

చక్రాల అమరిక, బ్రేకులు

ముందు రెండు ఫిక్స్‌డ్, తోసేవైపు రెండు స్వివెల్ చక్రాలు పెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా వాడే అమరిక. పొడవాటి దారిలో బండి తిన్నగా సాగుతుంది, తోసేవాడే మలుపు తిప్పగలడు. నాలుగూ స్వివెల్ అయితే ఇరుకు మూలల్లో ఎటైనా జరపవచ్చు. కానీ వాలు మీద బండి పక్కకు లాగేస్తుంది. అలాంటి బండికి తిరగకుండా ఆపే తాళం ఉన్న స్వివెల్ చక్రాలు రెండైనా ఉండాలి.

బ్రేకుల్లో తేడా ఉంది. ఒక రకం చక్రాన్ని దొర్లకుండా మాత్రమే ఆపుతుంది, ఫోర్కు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. రెండో రకం రెంటినీ ఆపుతుంది. లారీలోకి సరుకు ఎత్తే చోట, యంత్రం నిలిపి పనిచేసే చోట రెండో రకమే కావాలి. బ్రేకు మీట కాలికి అందాలి. బండి అంచు లోపలికి దాక్కున్న మీటను ఎవరూ తొక్కరు, బదులుగా ఇటుక పెడతారు. ఇటుక మీద నిలిచిన బండి ఎప్పుడో ఒకసారి జారుతుంది.

ప్రమాణాలు

చక్రం మీద రాసిన బరువుకు అర్థం వేగంతో కలిపి చూస్తేనే తెలుస్తుంది. ఐఎస్ఓ 22883 ప్రమాణం గంటకు 4 కిలోమీటర్ల వరకు, అంటే మనిషి నడక వేగానికి, పరిశ్రమల కాస్టర్లకు పరీక్షలు నిర్ణయిస్తుంది. 4 నుంచి 16 కిలోమీటర్ల వేగానికి ఐఎస్ఓ 22884 ఉంది. పరీక్షించే పద్ధతులను ఐఎస్ఓ 22878 చెబుతుంది. చేతితో తోయడానికి కొన్న బండిని ట్రాక్టరు వెనుక కట్టి లాగితే చక్రం మీద రాసిన అంకెకు అర్థం పోతుంది. రబ్బరు ప్రతి చుట్టుకూ నలిగి తిరిగి లేస్తుంది, ఆ కదలికలో వేడి పుడుతుంది. వేగం పెరిగితే ఆ వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు. లోపల అతుకు వదిలి టైరు ఊడిపోతుంది.

రబ్బరు కాస్టర్ పనికిరాని చోట్లు

చెరువు గట్టు మీద, మట్టిరోడ్డు మీద, కల్లంలో గట్టి రబ్బరు చక్రం దిగబడుతుంది. అక్కడ గాలి టైరు బండే సరి. పామాయిల్ ఫ్యాక్టరీల్లో గెలలను ఆవిరితో ఉడికించే పెద్ద డబ్బాలు ఉక్కు చక్రాలతో పట్టాల మీద నడుస్తాయి. ఆ వేడికీ బరువుకూ మామూలు రబ్బరు ఆగదు. ఒక్కో చక్రం మీద టన్నుల బరువు పడితే పాలీయురేథేన్, నైలాన్ లేదా ఉక్కు వైపు వెళ్ళాలి. రబ్బరు ఎక్కడ వద్దో తెలిసిన తర్వాతే ఎక్కడ కావాలో స్పష్టమవుతుంది.

కొనేముందు చూడవలసినవి

తాడేపల్లిగూడెం, ఏలూరు, విజయవాడ దుకాణాల్లో ఒకే కొలత చక్రం రెండు మూడు ధరల్లో కనిపిస్తుంది. తేడా ఎక్కడుందో చేతితోనే కొంత తెలుసుకోవచ్చు. స్వివెల్ చక్రాన్ని తలకిందులు చేసి ఫోర్కును తిప్పితే ఎక్కడా పట్టకుండా, ఊగకుండా తిరగాలి. గోటితో టైరు అంచు ఒత్తితే లోపలి చక్రం నుంచి విడిపోకూడదు. ఫోర్కు వంపు దగ్గర వెల్డింగు నిండుగా ఉండాలి. బేరింగుకు గ్రీజు పట్టించే నిపుల్ ఉందో లేదో చూడాలి.

పాతదాని స్థానంలో కొత్తది వేస్తుంటే వ్యాసం ఒక్కటే కొలిస్తే చాలదు. నేల నుంచి ప్లేటు పైదాకా మొత్తం ఎత్తు, ప్లేటు కొలత, బోల్టు రంధ్రాల మధ్య దూరం కూడా రాసుకుని వెళ్ళాలి. ఎత్తులో కొద్ది తేడా వచ్చినా ఆ చక్రం మీద బరువు ఎక్కువో తక్కువో పడుతుంది. ఒకటి పాడైతే ఆ వైపు రెండూ ఒకేసారి మార్చడం మంచిది.

నిర్వహణ

వారానికి ఒకసారి బండిని పక్కకు వంచి ఇరుసుకు చుట్టుకున్న పోగులు కోసి తీయాలి. తడిచోట పని ముగిశాక బ్లీచింగు నీటిని మంచినీళ్ళతో కడిగేయాలి. ప్లేటు బోల్టులు బిగించి, స్వివెల్ గుండ్లకూ ఇరుసుకూ గ్రీజు పెట్టాలి. గ్రీజు టైరు మీద కారకుండా చూడాలి. అదనంగా కొన్న రబ్బరు చక్రాలను ఎండ తగలని గదిలో, డీజిలు డబ్బాలకు, నడుస్తున్న మోటార్లకు దూరంగా పెట్టాలి. మోటారు నిప్పురవ్వల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరును వాడకుండానే పగులగొడుతుంది.

టైరు చదునైనా, పెచ్చు ఊడినా, ఫోర్కు వంగినా, స్వివెల్ ఊగినా చక్రం మార్చే సమయం వచ్చినట్టే.

పనివారి శరీరం

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మోతబరువుల మీద 127వ ఒప్పందాన్ని ఆమోదించింది. దాని వెంట వచ్చిన 128వ సిఫారసు వయోజన పురుషుడు చేత్తో మోసే బరువు 55 కిలోలకు మించకూడదని చెప్పింది. భారతదేశపు 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను కూడా గాయపరిచేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని చెప్పింది. ఈ డెల్టాలో 75 కిలోల బస్తాను భుజాన వేసుకుని చెక్కబల్ల మీద లారీ ఎక్కే జట్టు కూలీలు తరాలుగా ఆ హద్దు దాటుతూనే ఉన్నారు. బస్తా 50 కిలోలకు తగ్గిన చోట ఆ భారం కొంత తగ్గింది. సరైన చక్రాలున్న బండి మిగతా భారాన్ని వాళ్ళ వెన్ను మీద నుంచి నేల మీదికి దించుతుంది.

చక్రం తప్పుగా ఎంచితే ఆ భారం మళ్ళీ వెన్నుకే చేరుతుంది. తిరగని చక్రాన్ని తోసేది నడుమే, గడప దగ్గర ఆగిన బండిని ఎత్తేది నడుమే. అందుకే కొత్త చక్రాలు బిగించాక చివరి పరీక్ష దుకాణంలో కాదు, షెడ్డులోనే చేయాలి. బండిలో నిండా సరుకు వేసి, షెడ్డులోకెల్లా చెడ్డ గచ్చు మీద, రోజూ దాన్ని తోసే మనిషి చేతే తోయించాలి. వంగకుండా, ఊపిరి బిగబట్టకుండా అతను ఒక్కడే దాన్ని కదిలించి, తిప్పి, ఆపగలిగితే ఆ చక్రం ఆ పనికి సరిపోయినట్టు.